రెండిళ్ళ ఏనుగు

జూలై 3, శుక్రవారం

ఈ పుస్తకం నా భార్య ఇచ్చింది. మా అమ్మాయి చిట్టి పాత కాలేజీ నోటుబుక్కు. మొదటి ఆరు పేజీలూ రసాయనశాస్త్రం. "పొద్దున్నించీ నాతో చెప్పేవన్నీ ఇందులో రాసుకోండి. నా చెవులక్కాస్త సెలవిచ్చినట్టుంటుంది" అంది.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఇరవై రెండేళ్ళుగా బస్సు కండక్టర్ని. అవసరమైనంత వరకే మాట్లాడతాను. ఈ మాయదారి జబ్బు వచ్చి బస్సులు ఆగిపోయి మూడు నెలలు దాటింది కాబట్టి అవసరం కొంచెం పెరిగింది, అంతే.

ఇవాళ ఆవిడ వంటింటి తలుపు వేస్తుంటే నేను "రైట్ రైట్" అన్నానట. నాకు గుర్తు లేదు.

జూలై 5, ఆదివారం

సెప్టెంబరు రెండో ఆదివారం మా వీధి పండుగ. ఇంకా డెబ్భై రోజులు. మామూలుగా అయితే ఈపాటికి బావగారూ నేనూ ఏనుగుని కిందికి దించి దులుపుతూ ఉండేవాళ్ళం.

ఏనుగంటే బూడిదరంగు గుడ్డ, లోపల వెదురు బద్దలు, వాటిలోపల ఇద్దరు మనుషులు. తలా, తొండమూ, ముందు కాళ్ళూ బావగారివి. తోకా, వెనక కాళ్ళూ నావి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే ఏర్పాటు. బస్సులోనూ అంతే: ఆయన స్టీరింగు దగ్గర, నేను వెనక డోరు దగ్గర. ఆయన నా భార్యకి అన్నయ్య, వయసులో పెద్ద, పైగా డ్రైవరు. కాబట్టి ముందు. అందులో నాకు అభ్యంతరం ఎందుకుంటుంది? నిజానికి వెనకే హాయి. ఇన్నేళ్ళలో పండుగ ఎలా ఉంటుందో నేను చూడలేదన్న మాట వాస్తవమే. నాకు కనిపించేది కింద రోడ్డు, ఎదురుగా బావగారి నడుం. ఆ నడుం గురించి నాకు తెలిసినంత ఆయన డాక్టరుకి కూడా తెలియదు.

ఏనుగు ప్రస్తుతం రెండిళ్ళలో ఉంది. మొండెం మా బీరువా మీద. తల వీధికి అటువైపు, బావగారింట్లో.

జూలై 8, బుధవారం

బావగారు ఒంటరి మనిషి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "ఒక కండక్టరుతోనే వేగలేక చస్తున్నా" అంటారు. తిండి మాత్రం మూడు పూటలా మా ఇంట్లోనే. ఇప్పుడు ఒకరి గడప ఇంకొకరు తొక్కకూడదు గనక, నా భార్య రోజూ కారియరు పట్టుకెళ్ళి ఆయన బాల్కనీ కింద బుట్టలో పెడుతుంది. ఆయన రెండో అంతస్తు నుంచి తాడుతో లాక్కుంటారు.

"కండక్టరూ! కూరలో ఉప్పు తగ్గిందని మీ ఆవిడకి చెప్పు!"

"మీ చెల్లెలే కదండీ, మీరే చెప్పండి!"

"నాకు భయం. నువ్వు చెప్పు!"

"నాకు మాత్రం లేదా?"

పక్క బాల్కనీలోంచి ఎవరో అన్నారు: "ఆవిడకి వినపడిందండీ. లోపలికెళ్ళిపోండి ఇద్దరూ."

జూలై 14, మంగళవారం

పండుగ కమిటీ సమావేశం, ఫోన్లో, వీడియోలో. కార్యదర్శి పళ్ళ డాక్టరు. మొదటి ఇరవై నిమిషాలూ ఆయన ముఖానికి బదులు ఆయన ఇంటి ఫ్యాను కనిపించింది. ఫ్యానే మాట్లాడుతున్నట్టు అందరం శ్రద్ధగా విన్నాం.

ఈ ఏడు దుకాణాలు లేవు. బ్యాండు లేదు. పూలబండ్లు లేవు. జనం లేరు. ఎవరి బాల్కనీలో వాళ్ళుండాలి. ఇక ఏనుగు సంగతి వచ్చింది. ఏనుగు ఫొటో ఒకటి గ్రూపులో పెట్టేస్తే సరిపోతుందన్నాడు కార్యదర్శి.

"ఫొటోనా?" అని బావగారు అరిచారు. ఆయనది ఎంత గట్టిగా అరిచే గొంతంటే నాకు ఫోన్లో ఒకసారి, కిటికీలోంచి ఒకసారి వినపడింది. "అన్నీ తీసేశారు, ఏనుగుని కూడా తీసేస్తే దాన్ని పండుగంటారా, ఆదివారం అంటారా?"

చివరికి ఏనుగు ఒక్కటే వీధి ఆ చివర నుంచి ఈ చివరకి ఒకసారి నడవచ్చని ఒప్పుకున్నారు. అయితే షరతులున్నాయి. పాల్గొనే ప్రతివారూ ముక్కూ నోరూ కప్పుకోవాలి.

"ఏనుగు పాల్గొంటున్నట్టా, కాదా?" అని ఎవరో అడిగారు.

"పాల్గొంటుంది కదా, కప్పాల్సిందే" అన్నాడు కార్యదర్శి. "ఏనుగే మాస్కు వేసుకోకపోతే పిల్లలకి మనం ఏం చెప్తాం?"

"దాని ముక్కు అయిదడుగులండీ!"

"అది మీరూ మీరూ చూసుకోండి. నేను పళ్ళ డాక్టర్ని."

రెండో షరతు. వేరు వేరు ఇళ్ళవాళ్ళ మధ్య ఆరడుగుల దూరం ఉండాలి. ఏనుగు లోపల కూడా.

జూలై 15, బుధవారం

ఏనుగు లోపల ఆరడుగులు.

జూలై 16, గురువారం

మా ఏనుగు మొత్తం పొడుగే ఏడడుగులు.

జూలై 22, బుధవారం

చిట్టి లెక్కలు వేసింది. ఏనుగుని సాగదీస్తే చాలంది. "నాన్నా, నడుం దగ్గర అయిదడుగులు కలిపితే మీకూ మామయ్యకీ మధ్య సరిగ్గా ఆరడుగులొస్తుంది."

నా భార్య రెండు దుప్పట్లు తెచ్చి కలిపి కుట్టేసింది. బూడిదరంగు దుప్పట్లు లేవు. ఒకటి నీలం, ఒకటి గళ్ళది. తొండానికి మాస్కు కూడా దొరికింది: నా పాత పైజామా ఎడమ కాలు. కుడి కాలు ఏం చేస్తావని అడిగాను. "ఒంటికాలి పైజామా మీరు వేసుకుంటారా ఏమిటి? అది కూడా మాస్కులకే" అంది.



జూలై 26, ఆదివారం

పొద్దున్న ఆరింటికి, వీధిలో ఎవరూ లేకుండా చూసి, సాగిన ఏనుగుని పరీక్షించాం. ఆ గళ్ళ దుప్పటి మధ్యలో వేలాడిపోతుంటే చిట్టి లోపల ఓ పొడుగు వెదురు గడ కట్టింది. ఒక కొస బావగారి భుజం మీద, రెండోది నా భుజం మీద.

తిన్నగా నడిచినంతసేపూ బాగానే ఉంది. మలుపు దగ్గర బావగారు తిరిగారు. నాకు ఆ సంగతి తెలియలేదు. ఇదివరకు ఆయన నడుం తిరిగితే నేనూ తిరిగేవాణ్ణి. ఇప్పుడు ఆయన నడుం ఆరడుగుల దూరంలో చీకట్లో ఉంది. నేను తిన్నగా వెళ్ళి ఇస్త్రీ బండిని గుద్దుకున్నాను. ముందు సగం పక్కవీధిలో, వెనక సగం మా వీధిలో ఉండిపోయింది. గడ విరిగింది.

"కండక్టరూ, ఎక్కడున్నావ్?"

"ఇస్త్రీ బండి దగ్గరండీ! మీరెక్కడున్నారు?"

"నాకేం తెలుసు!"

మూడో అంతస్తులోని పెద్దావిడ పళ్ళు తోముకుంటూ చూస్తోంది. "బాబూ, ఇది ఏనుగా, కొండచిలువా?" అంది.

ఎవరు ఫొటో తీశారో తెలియదు గాని తొమ్మిదింటికల్లా గ్రూపులోకి వచ్చింది. సాగదీసిన జంతువులకి అనుమతి లేదని కార్యదర్శి కింద రాశాడు.

జూలై 29, బుధవారం

మళ్ళీ సమావేశం. ఈసారి కార్యదర్శి నుదురు కనిపించింది; మెరుగుపడుతున్నాడు. నిర్ణయం: ఏనుగు లోపల ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళై ఉండాలి. బావగారింట్లో బావగారు ఒక్కరే. మా ఇంట్లో ముగ్గురం. కాబట్టి ఏనుగు మా ఇంటి వంతుకి వచ్చింది. వెనక కాళ్ళు తను వేస్తానని చిట్టి వెంటనే చెప్పేసింది.

అంటే ముందు కాళ్ళు, తల, నేను.

నేను అడగలేదు. ఈ విషయం స్పష్టంగా రాసి ఉంచుతున్నాను. నేను అడగలేదు.

ఆగస్టు 1, శనివారం

నాకు తల మీద ఆశేమీ లేదు. బాధ్యత మీద పడింది కాబట్టి మోయాలి. ఇవాళ స్నానాలగది అద్దం ముందు తువ్వాలు చుట్టచుట్టి ముక్కు దగ్గర పెట్టుకుని అటూ ఇటూ ఊపానంటే అది మెడ నొప్పికి వ్యాయామం. తలుపు గడియ వేయడం మరిచిపోయాను.

"మెడ నొప్పికి ఘీంకరించాలా?" అంది నా భార్య.

ఆగస్టు 4, మంగళవారం

బావగారు తల ఇవ్వనన్నారు.

నేను మా బాల్కనీలోంచి చాలా మర్యాదగా అడిగాను. ఆయన తన బాల్కనీలోంచి అంత మర్యాదగానూ జవాబివ్వలేదు.

"నువ్వు తల మోస్తావా? టికెట్టు చింపడానికి రెండు చేతులు చాలవు నీకు, తొండం తిప్పుతావా?"

"కమిటీ చెప్పింది కదండీ!"

"పళ్ళ డాక్టరు చెప్తే నేను తల ఇవ్వాలా? పన్నయితే ఇచ్చేవాణ్ణి!"

"పద్దెనిమిదేళ్ళూ మీ వెనకే నడిచాను. ఒక్క ఏడు..."

"అదీ సంగతి! ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నావన్న మాట!"

"ఏమీ పెట్టుకోలేదు!"

"మొండెం నీ దగ్గరుంది కదా, మొండేన్నే ఊరేగించుకో!"

నా మాటలకి వీధిలో సగం బాల్కనీలు చప్పట్లు కొట్టాయి. ఆయన మాటలకి మిగతా సగం కొట్టాయి. లోపలికి వచ్చేసరికి నా భార్య వాళ్ళ అన్నయ్యని వెనకేసుకొచ్చింది. "జీతం లేని ఏనుగుద్యోగం కోసం మీ ఇద్దరికీ ఈ ఏడుపేమిటి? ఆయనకి ఉన్నదే ఆ తల ఒక్కటి."

"నాకున్నవేమిటి, వెనక కాళ్ళేగా?"

"మీకు మేం లేమా?" అంది. దానికి జవాబు ఆలోచించి రాస్తాను.

ఆగస్టు 6, గురువారం

కారియరు దింపినది దింపినట్టే తిరిగొచ్చింది. మూత కూడా తీయలేదు.

ఆగస్టు 7, శుక్రవారం

బావగారు స్వయంగా వంట చేసుకుంటున్నారు. ఆయన కిటికీలోంచి నల్లటి పొగ వచ్చింది. మూడిళ్ళవాళ్ళు నీళ్ళ బకెట్లతో సిద్ధమయ్యారు.

ఆగస్టు 8, శనివారం

బావగారు ఏనుగు తలని బాల్కనీలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మా ఇంటివైపు తిప్పి.

ఆగస్టు 9, ఆదివారం

అది చూస్తోంది.

ఆగస్టు 10, సోమవారం

భోజనాల బల్ల కిటికీకి ఎదురుగా ఉంది. నేను ముద్ద ఎత్తినప్పుడల్లా దాని కళ్ళు నా మీదే. నల్లరంగు వేసిన గిన్నెమూతలే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కర్టెను వేశాను. నా భార్య తీసేసింది. "తప్పు చేసినవాళ్ళకి కదా కర్టెన్లు" అంది. కుర్చీ మార్చుకుని కిటికీకి వీపు పెట్టి తిన్నాను. వీపు మీద కూడా తెలుస్తోంది.

ఆగస్టు 13, గురువారం

బావగారికి జ్వరం.

నాలుగు రోజులుగా ఉందట. ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న పీపీఈ సూటు వేసుకుని నర్సు వచ్చింది, ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసింది, ఫలితం వచ్చింది, ఆ జబ్బే. ఆసుపత్రి అవసరం లేదు, ఇంట్లోనే ఉండాలి, గది దాటకూడదు, మందులు వేళకి వేసుకోవాలి. బాల్కనీ ఆ గదికే ఉంది, అదొక్కటీ నయం. నర్సు రోజూ వస్తానంది. తల సంగతి అడిగాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "తలకి కూడా పద్నాలుగు రోజులు. దాన్నెవరూ ముట్టుకోకండి" అంది.

నేను తల గురించి అడగాలనుకోలేదు. నోట్లోంచి అదే వచ్చింది. ఇంకేదో అడగాలనుకున్నాను.

ఆగస్టు 14, శుక్రవారం

కారియరు వెళ్ళింది. ఖాళీగా వచ్చింది. నా భార్య ఆ ఖాళీ గిన్నెలని చాలాసేపు కడిగింది.

ఆగస్టు 15, శనివారం

బావగారి గొంతు పోయింది. ఫోనెత్తితే గాలి శబ్దం వస్తోంది. దగ్గు. మళ్ళీ గాలి. ఆ గొంతుతో ఆయన బస్సు నడుపుతూ ఎదురు లారీలవాళ్ళని తిట్టేవారు, హారను కొట్టాల్సిన పని ఉండేది కాదు.

చిట్టి ఓ కాగితం రాసి కారియరులో పెట్టింది: "మామయ్యా, ఏనుగు చెవి ఊపే తాడుంది కదా. ఆ తాడు మంచం దగ్గరికి తెచ్చి పెట్టుకో. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి లాగు. ఒకసారి ఊపితే బాగున్నట్టు. రెండుసార్లయితే నర్సుకి ఫోన్ చేస్తాం."

ఆగస్టు 16, ఆదివారం

ఎనిమిదింటికి ముగ్గురం బాల్కనీలో నిలబడ్డాం. ఎనిమిదీ రెండుకి కుడి చెవి ఒకసారి ఊగింది. రెండు నిమిషాలు ఆలస్యం. బస్సయితే నేను రాసుకునేవాణ్ణి.

ఆగస్టు 17, సోమవారం

ఒకసారి.

ఆగస్టు 18, మంగళవారం

ఒకసారి. ఈ సంగతి వీధంతా తెలిసిపోయింది. ఎనిమిదింటికి అన్ని బాల్కనీల్లోనూ కాఫీ గ్లాసులతో జనం. చెవి ఊగగానే "హమ్మయ్య" అని లోపలికి వెళ్తున్నారు. కొండచిలువ అన్న పెద్దావిడ అందరికన్నా ముందొచ్చి నిలబడుతోంది.

ఆగస్టు 20, గురువారం

ఎనిమిదింటికి ఊగలేదు.

ఎనిమిదింపావుకి లేదు. గాలికి కదిలినట్టనిపించింది గాని అది గాలే. ఎనిమిదిన్నరకి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. నర్సు ఇంకో వీధిలో ఉందట, వస్తున్నానంది. తొమ్మిదయింది. బాల్కనీల్లో ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు. నా భార్య గ్రిల్లు పట్టుకుని నిలబడింది, ఏమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండును. నేను మాత్రం మాట్లాడుతూనే ఉన్నానట. ఏం మాట్లాడానో తెలియదు. బస్సు స్టాపుల పేర్లు చదివానని చిట్టి అంటోంది.

పదింటికి నేను మెట్లు దిగాను. కింద అడ్డుకట్ట దగ్గర పోలీసు ఆపాడు.

"ఎక్కడికి?"

"ఎదురింటికి."

"ఎందుకు?"

"ఏనుగు చెవి ఊపలేదు."

అతను నా నుదుటి మీద జ్వరం చూసే పిస్తోలు పెట్టాడు. అది అయ్యేలోపల పైనుంచి అరుపులు వినపడ్డాయి. తలెత్తి చూశాను. చెవి ఊగుతోంది. ఒక్కసారి. కొంచెం ఆగి తొండం కూడా కాస్త లేచింది.

తరవాత ఫోన్లో గాలి శబ్దంతోనే చెప్పారు, నిద్రపోయానని. నిద్ర! ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. "చెవి ఊపి నిద్రపోవచ్చు కదా!" అని అరిచాను. ఫోను పెట్టేశాక మెట్ల మీద కూర్చున్నాను. ఆ పోలీసు నీళ్ళ సీసా ఇచ్చాడు.

ఆగస్టు 29, శనివారం

గొంతు తిరిగొచ్చింది. ఎలా తెలిసిందంటే, "కండక్టరూ! కూరలో ఉప్పెక్కువైంది!" అని కేక.

రుచి కూడా వచ్చిందన్న మాట. నా భార్య వంటింట్లోకి వెళ్ళి, కాసేపు అక్కడే ఉండి, కళ్ళు తుడుచుకుని వచ్చి, "ఎక్కువేం కాలేదని చెప్పండి" అంది.

సెప్టెంబరు 3, గురువారం

బావగారు మా ఇంటికి మారిపోయారు. నర్సు పర్వాలేదంది. చిక్కిపోయారు, ప్యాంటుని రెండు చేతులతో పట్టుకుని రోడ్డు దాటారు. నా భార్య ముందుగది ఆయనకిచ్చేసింది. ఇక ఆయనది వేరే ఇల్లు కాదంది.

ఆ మాట విని నేను కార్యదర్శికి ఫోన్ చేశాను. ఒకే ఇల్లని రుజువేమిటన్నాడు. మా స్నానాలగదిలో నాలుగు బ్రష్షులు వరసగా ఉన్న ఫొటో తీసి పంపాను. పళ్ళ డాక్టరు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాడు. అయితే ఆ ఎర్ర బ్రష్షు ఎవరిదో గాని వెంటనే మార్చాలన్నాడు. అది నాది.

సెప్టెంబరు 5, శనివారం

తలని మూడు రోజులు ఎండబెట్టి, సబ్బు నీళ్ళతో తుడిచి తెచ్చాం. బావగారు దాన్ని ఎత్తబోయి, మోకాలి దాకా తెచ్చి, దించేశారు. ఊపిరి అందక గోడకానుకున్నారు. నేను చూడనట్టు ఫ్యాను వంక చూశాను.

"నువ్వే పెట్టుకో" అన్నారు.

"మీరు కోలుకున్నాక..."

"ఎనిమిది రోజుల్లో ఏం కోలుకుంటాను? చిట్టి చదువుకుంటుంది, దాన్నెందుకు? వెనక నేనుంటా. పెట్టుకో, చూద్దాం."

పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్ళు. కళ్ళలోంచి చూద్దామనుకున్నాను, అవి గిన్నెమూతలు, వాటిలోంచి ఏమీ కనపడదు. నోరు ఉన్నచోట అరచేయంత కంత ఉంది. అందులోంచి మా ట్యూబులైటు కనిపించింది. తల దించితే మెడ దగ్గర బద్ద గుచ్చుకుంటుంది కాబట్టి దించడానికి లేదు.

"బావగారూ, రోడ్డు కనపడదా?"

"కనపడదు."

"పండుగ?"

"మూడో అంతస్తు, ఆ పైన కనపడుతుంది. ఎవరి మిద్దె మీద ఏ బట్టలు ఆరేశారో చెప్పమను, చెప్తా."

"మరి ఇన్నేళ్ళూ ఎలా నడిచారు?"

"నువ్వు వెనకనించి చెప్తావు కదా. గుంత, మలుపు, పిల్లాడు అడ్డొచ్చాడు, ఎడమకి ఎడమకి అని."

"నాలో నేను అనుకునేవాణ్ణండీ" అన్నాను.

"గట్టిగానే అనుకునేవాడివి" అన్నారు బావగారు.

సెప్టెంబరు 12, శనివారం

రేపే. పైజామా కాలు ఇస్త్రీ చేయించాం. తొండానికి సరిగ్గా సరిపోయింది. బొందు కూడా ఉంది.

సెప్టెంబరు 13, ఆదివారం

మధ్యాహ్నం నాలుగింటికి వీధి ఆ చివర నిలబడ్డాం. ముందు నేను. వెనక బావగారు. వీధి పూర్తిగా ఖాళీ. బ్యాండు లేదు కాబట్టి ఎవరి ఇంట్లో వాళ్ళు గిన్నెలు వాయించారు. ఒక్కరి తాళం ఇంకొకరితో కలవలేదు. నా కంతలోంచి మూడో అంతస్తులు కనిపిస్తున్నాయి: మాస్కులు, చేతులు, రంగు కాగితాలు, ఆరేసిన దుప్పట్లు. ఇంతమంది ముఖాలు నేనెప్పుడూ పండుగలో చూడలేదు. అవీ సగం సగమే.

"బావగారూ, మలుపు వచ్చిందా?"

"నాకేం తెలుసు? నీ నడుం కనపడుతోంది."

"కింద రోడ్డు చూసి చెప్పాలండీ!"

"చూస్తున్నా. రోడ్డే ఉంది. కండక్టరూ, నీ బెల్టుకి ఇక కంతలు మిగల్లేదు. ఆఖరిదాంట్లో ఉంది."

"బెల్టు సంగతి కాదు, గుంతలు చెప్పండి!"

"గుంత" అన్నారు, నేను అందులో కాలు పెట్టాక.

ఇలాగే సగం దూరం వెళ్ళాం. తొండం ఎత్తాను. పిల్లలు కేకలేశారు. పైజామా కాలు చూసి కార్యదర్శి తన బాల్కనీలోంచి బొటనవేలు చూపించాడు. ఈ ఏడు ఆయన మొత్తం ముఖం చూడడం నాకదే మొదటిసారి, మీసం ఉంది.

సరిగ్గా మా ఇంటి ముందు నా నడుం పట్టుకున్న చేతులు నన్ను వెనక్కి లాగేశాయి.

"హోల్డాన్!" అన్నారు బావగారు.

"ఏమైంది?"

"కాళ్ళు."

ఏనుగు వెనక సగం రోడ్డు మీద కూర్చుండిపోయింది. ముందు సగం నిలబడే ఉంది. గిన్నెల చప్పుడు ఆగింది.

"ఊపిరాడుతోందా? గుడ్డ తీసేయనా?"

"తియ్యకు. చూస్తున్నారు."

"చూస్తే చూడనీండి!"

"రెండు నిమిషాలు కూర్చుందాం. నువ్వూ కూర్చో. నిలబడితే వాలుగా ఉంది, జారిపోతున్నా."

నేనూ కూర్చున్నాను. ఏనుగు నడివీధిలో చతికిలబడింది. ముందు ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. తరవాత వీధి మొత్తం. ఇదంతా మేం సాధన చేసి వచ్చామనుకున్నారు. ప్రతి ఏడూ వెనకనించి జనం తోస్తుంటే ఏనుగు ఆగడమన్నదే ఉండేది కాదు.

లోపల చీకటి, ఉక్క. బావగారి ఊపిరి కాస్త కాస్త సర్దుకుంటోంది. దాన్ని వింటూ అడిగాను:

"ఆ గురువారం నిజంగా నిద్రపోయారా?"

నా నడుం మీంచి చెయ్యి తీసేశారు.

"తాడు చేతిలోంచి జారి కింద పడింది. మంచం దిగి అందుకోవడానికి రెండు గంటలు పట్టింది."

"ఫోను పక్కనే ఉంది కదండీ!"

"ఎత్తితే నువ్వు రోడ్డు దాటి వచ్చేస్తావని."

"వచ్చేశాగా. కింద దాకా."

"చూశాను. అందుకే తొండం ఎత్తా."

మాట రాకపోవడం నాకు అలవాటు లేదు. తొండం కొసతో కళ్ళు తుడుచుకోబోయాను; పైజామా బొందు కంట్లో గుచ్చుకుంది. బయటినుంచి చూసేవాళ్ళకి ఏనుగు ముక్కు చీదినట్టు కనిపించిందట. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

చిట్టి మంచినీళ్ళు తెచ్చి తోక దగ్గర్నించి లోపలికి పెట్టింది. తాగాక లేచాం. మిగతా దూరం నేను ముందునించే గుంతలు చెప్పుకుంటూ నడిచాను. చూడకుండా చెప్పినా అన్నీ సరిపోయాయి.

సెప్టెంబరు 14, సోమవారం

చిట్టి తీసిన వీడియో చూశాం. మా ఏనుగుని బయటినుంచి చూడడం బావగారికీ నాకూ ఇదే మొదలు. నిజాయితీగా రాయాలంటే, దుప్పటి కప్పిన నీళ్ళ ట్యాంకు తాగి నడిచినట్టుంది. దీనికోసం జనం పద్దెనిమిదేళ్ళు రోడ్డు మీద నిలబడ్డారు! నేను ఏడుసార్లు చూశాను. బావగారు ఎనిమిది.

సెప్టెంబరు 16, బుధవారం

కార్యదర్శి ఫోన్ చేశాడు. కూర్చోవడం అద్భుతంగా ఉందట. జబ్బు తగ్గి జనం మళ్ళీ రోడ్డు మీదికి వచ్చినా సరే, ఏనుగు ఇకనించి ప్రతి ఏడూ కూర్చోవాల్సిందేనట. ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి.

"కూర్చోవడం నా ఆలోచన" అన్నారు బావగారు. "కాబట్టి ఇకనించి వెనక నేనే."

"వెనక నాది!" అన్నాను. "పద్దెనిమిదేళ్ళ సర్వీసు!"

"తల కావాలని ఏడ్చావు, ఇచ్చాను. ఇప్పుడు కాళ్ళు కూడా కావాలా?"

"ఆ తలలోంచి ఏమీ కనపడదండీ!"

"మరి వెనకనించి ఏం కనపడిందటా?"

"మీరు" అన్నాను. అలా అనాలనుకోలేదు. అందుకని గట్టిగా అరిచేశాను: "మీ నడుం!"

"మీ ఇద్దరూ వెనకే ఉండండి. ముందు నేనూ చిట్టీ ఉంటాం" అంది నా భార్య.

సెప్టెంబరు 17, గురువారం

బావగారూ నేనూ మాట్లాడుకోవడం లేదు. పొద్దున్నించీ ఒకే సోఫాలో పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకోవడం లేదు. భోజనాలయ్యాక ఆయనకి కునుకు పట్టి, తల తెచ్చి నా కుడి భుజం మీద పడేశారు. ఈ తల బరువు కూడా తక్కువేం కాదు. కదిలితే లేస్తారని ఈ నాలుగు ముక్కలూ ఎడమ చేత్తో రాస్తున్నాను.